చుట్టరికం గడి

జమ్మికుంట దాపున ఒక పల్లెలో దేవదాస్ ఉపదేశి. జపాలు నేర్పడం, జ్ఞానస్నానాలూ పెళ్లిళ్లూ పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. అప్పటిదాకా వాళ్లది హైదరాబాదు మేత్రాసనం, అంటే అక్కడి మేత్రాణులైన బిషప్పుగారి ఏలుబడి. 1953లో "ఇక మీరు వరంగల్లు మేత్రాణుల కిందికి వచ్చారు" అని చెప్పి, కొత్త ఫాదర్ పాత పుస్తకాలకు నకళ్లు రాయించడం మొదలుపెట్టారు. దేవదాస్ సొంత పెళ్లి పుట దగ్గర ఆయన వేలు ఆగింది.

"చుట్టరికం అన్న గడిలో అప్పటి ఉపదేశి మీ నాయన ‘వరుస కుదిరింది’ అని రాశాడు. ఏం వరుస?"

"మా మేనమామ బిడ్డ సామీ!" అన్నాడు దేవదాస్ గర్వంగా. అంతకంటే మంచి వరుస ఈ భూమ్మీద ఉందా?

ఫాదర్ తల పట్టుకున్నారు. మేనరికానికి మేత్రాణుల అనుమతి కావాలట. అది లేదు గనక పెళ్లి చెల్లలేదట. అనుమతి కాగితం వచ్చాక మళ్లీ పెళ్లి చేసుకోవాలట, అందాకా ఇద్దరూ అన్నాచెల్లెళ్లలా ఉండాలట. యేసుమరియా! బావామరదళ్లు అన్నాచెల్లెళ్లెట్లా అవుతారు?

దేవదాస్ బుర్ర తిరిగిపోయింది. ఇరవై రెండేళ్ల కాపురం, నలుగురు బిడ్డలు. మరి ఇన్నాళ్లూ తాను కనకవ్వకు ఏమైనట్టు? పెళ్లయింది ఆ మేత్రాసనంలో, ఉన్నది ఈ మేత్రాసనంలో, అనుమతి ఎవరివ్వాలి? ఎటు ఆలోచించినా తెగలేదు. చాప చంకన పెట్టుకుని చర్చి వరండాకు చేరాడు.

కనకవ్వ రోజూ గిన్నెలో జొన్న గటక తెచ్చి మెట్టు మీద పెట్టేది.

"ఏం బావా, మళ్ల పెండ్లి కాని పిలగానివైతివి!"

"నవ్వకే, నేను పరేషాన్‌ల ఉన్న. రేపు నువ్వు వద్దంటే?"

ఆమె నవ్వు ఆగిపోయింది. గిన్నె తీసుకుని వెళ్లింది. అప్పటినుంచి అతనికి నిజంగానే భయం పట్టుకుంది.

రెండు నెలలకు వరంగల్లు నుంచి కాగితం వచ్చింది. కనకవ్వ అన్న రాయమల్లు సాక్షిగా నిలబడ్డాడు.

"కనకవ్వా, దేవదాసును భర్తగా అంగీకరిస్తున్నావా?" అని ఫాదర్ అడిగారు.

ఆమె పలకలేదు. రాయమల్లు చెల్లెలిని మోచేత్తో పొడవబోయాడు.

"ఆగన్నా! గప్పుడు బాపు గిట్లనే పొడిస్తె ఊ అన్న. నాకు పద్నాలుగేండ్లు. గిప్పుడు నన్నడుగుతుండ్రు. జర సోచాయించనియ్యి."

దేవదాస్ తల వంచుకున్నాడు. ఇన్నేళ్లలో తానూ ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

కనకవ్వ తీరిగ్గా అతని ముఖంలోకి చూసింది.

"నాకిష్టమే సామీ. రాసుకోండ్రి."

రాయాల్సిన ఉపదేశి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కలం ఫాదరే తీసుకున్నారు.