ఎర్ర బిళ్ళ

లక్ష్మీతులసిని మొదటిసారి చూసినవాళ్ళు, ఈ పిల్లా అంత పని చేసిందని నోరు వెళ్ళబెడతారు. మనిషి చీపురుపుల్ల. మాటకి ముందొక అండీ, వెనకొక అండీ. పొద్దున్నే అల్లవరం వైపు వెళ్ళే ఆటోలో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని, ఒళ్ళో పెద్ద మంచినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చుంటుంది. తెలియనివాళ్ళు ఆ సీసాని చూసి నవ్వుకుంటారు. తెలిసినవాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు.

ఎందుకంటే, తులసి పనిచేసే రొయ్యల షెడ్డుకి ఒకప్పుడు ఏ ఆడమనిషీ నీళ్ళ సీసా తెచ్చుకునేది కాదు. తెచ్చుకుంటే తాగాలనిపిస్తుంది. తాగితే బయటికి వెళ్ళాల్సి వస్తుంది. వెళ్ళాలంటే బిళ్ళ కావాలి.

షెడ్డు తలుపు పక్కన సూపర్‌వైజరు బుచ్చిరాజు గారి కుర్చీ ఉండేది. కుర్చీకి పైన గోడకి ఒక మేకు, ఆ మేకుకి తాడుతో వేలాడే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ. బాత్రూమ్‌కి వెళ్ళాల్సిన మనిషి ఆయన ముందే దాన్ని తీసి మెడలో వేసుకుని వెళ్ళాలి, వచ్చాక మళ్ళీ తగిలించాలి. షెడ్డు మొత్తానికి అదొక్కటే. ఒకరు తిరిగొస్తేగాని ఇంకొకరు కదలకూడదు. బిళ్ళ లేకుండా వెళితే సగం రోజు కూలి కోత. ఐసు మోసేవాళ్ళు, లారీకి లోడెత్తేవాళ్ళు, అంతా మగవాళ్ళే, బాత్రూమ్ దారిలో ఉన్న వరండాలోనే తిరుగుతుండేవారు. మెడలో ఎర్ర బిళ్ళతో వాళ్ళ ముందునుంచి నడవడమంటే దండోరా వేయించుకుంటూ వెళ్ళడమే. ఈ రూలు కనిపెట్టిన మహానుభావుడికి అక్కచెల్లెళ్ళు లేరనుకోవాలి.

అందుకని ఆడవాళ్ళు నీళ్ళు మానేశారు. పొద్దుటినుంచి నిలువుకాళ్ళ మీద, చేతులు ఐసులో పెట్టి రొయ్యల తలలు తుంచుతూ, నరం లాగుతూ, ఎండిన పెదాలు నాలుకతో తడుపుకుంటూ గడిపేసేవారు. మన కోనసీమలో గడప తొక్కినవాడికి ముందు కొబ్బరి బొండం కొట్టి చేతికిస్తాం. అలాంటి చోట పుట్టిన ఆడవాళ్ళు గొంతు తడుపుకోవడానికి భయపడ్డారంటే ఏమనాలి?

తులసికి ఆ పని ఇప్పించింది వాళ్ళ పిన్ని చిట్టెమ్మ. తులసి నాన్న వేటకి వెళ్ళే మనిషి. పడవ మీద జారి నడుం విరగ్గొట్టుకున్నాక ఇంటి పొయ్యి వెలగడం తులసి కూలి మీదే ఆధారపడింది. చిట్టెమ్మ పూచీ ఉండి చేర్పించింది గనక, ఈ పిల్ల ఏం తేడా చేసినా మాట పడేది చిట్టెమ్మే. ఆవిడ తులసికి మొదటి రోజే చెప్పింది: "తల వంచుకుని పని చేసుకో. నోరు ఇంటి దగ్గర పెట్టి రా."

అలా తల వంచుకుని పనిచేస్తూనే ఒక మధ్యాహ్నం చిట్టెమ్మ రొయ్యల బల్ల మీదికి ఒరిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది, వణుకు. అమలాపురంలో చూపిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, కిడ్నీ దాకా పాకిందన్నారు. "నీళ్ళు బాగా తాగుతావా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఆయ్, తాగుతానండి," అంది చిట్టెమ్మ, తులసి వంక చూడకుండా. తులసికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. తగ్గగానే పిన్ని మళ్ళీ అదే బల్ల దగ్గర, అవే ఎండిన పెదాలతో నిలబడేసరికి ఆ మంట ఇంకాస్త పెరిగింది.

ముందు మర్యాదగానే అడిగింది. "బుచ్చిరాజు గారూ, ఆ బిళ్ళ తీయించెయ్యండి. ఆడవాళ్ళు జబ్బు పడుతున్నారండి."

"ఆయ్, మేనేజరు గారి చెవిన వేస్తాలేమ్మా," అన్నారాయన. మళ్ళీ అడిగితే మళ్ళీ ఆయ్ అన్నారు. మన వైపు ఆయ్ అనడానికీ ఆ పని జరగడానికీ మధ్య ఒక గోదావరి ఉంటుంది. ఆ సంగతి తులసికి అప్పటికి అర్థమైంది.

బల్ల దగ్గర తులసి పక్కన నిలబడేది శారోన్. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరికేదాకా అని ఇక్కడ చేరిన పిల్ల. టీచరుగా పనిచేసిన వాళ్ళ పెదనాన్నని అడిగి, మరుగుదొడ్డికి వెళ్ళనివ్వకపోవడం చట్టం ఒప్పుకోదని కనుక్కొచ్చింది. ఇద్దరూ ఆటోలో రోజూ అదే మాట. పెద్దవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. "సిగ్గులేదటే? ఈ మాటలు మగాళ్ళ దగ్గర ఎలా అంటారే?" సమ్మె చేద్దామంటే ఇంకా భయం. మనం మానేస్తే రేపు ఇంకో ఊరినుంచి ఆటోలు దిగుతాయి.

అప్పుడు తులసి అంది: "పని మానొద్దు. రూలూ తప్పొద్దు. వాళ్ళ రూలే పాటిద్దాం. కాకపోతే అందరం ఒకేసారి పాటిద్దాం."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆటో అదిరిపోయేలా నవ్వారు. నవ్వనిది చిట్టెమ్మ ఒక్కతే.

అనుకున్న రోజు తలా ఒక బొండం తెచ్చారు. ఏ దొడ్లోది ఆ దొడ్లోనే దింపించారు, కొన్నది ఒక్కటీ లేదు. ఆ రోజు పోర్టుకి వెళ్ళే కంటైనర్ లారీ గేటు దగ్గర కాచుకుని ఉంది. అన్నాలయ్యాక వరండాలో కూర్చుని, నాన్న కత్తితో తులసి వరసగా చెక్కి ఇచ్చింది. అందరూ తాగారు. చిట్టెమ్మ మాత్రం చెక్కిన బొండాన్ని తన సంచీ పక్కన పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. పూచీ ఉన్న మనిషిని ఏమంటాం?

కాసేపటికి ఒకమ్మాయి వచ్చి బిళ్ళ తీసుకుంది. ఆమె వెనక శారోన్ నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. బుచ్చిరాజు గారు మొదట నవ్వారు, తర్వాత లేచి నిలబడ్డారు. తలుపు దాటి వరండా పొడుగునా లైను. అందరి నెత్తిన టోపీ, కాళ్ళకి బూట్లు, ఒక్కరు గీత దాటరు. లోపల బల్లల మీద ఐసు కరుగుతోంది. రొయ్య మనిషిలా ఓపిక పట్టే సరుకు కాదు.

"అందరూ ఒకేసారి వెళ్ళొచ్చెయ్యండమ్మా!" అన్నారాయన చెమట తుడుచుకుంటూ.

"బిళ్ళ లేకుండా వెళ్తే కోతండి," అంది తులసి చేతులు కట్టుకుని. "మీరే చెప్పేరు కదండి."

బయట లారీ హారన్ కొడుతుంటే మేనేజరు ప్రకాష్ గారు పరుగున వచ్చారు. ఇదంతా ఎవరు చేయించారు అన్నారు. తులసే ముందుకొచ్చి, "నేనేనండి," అంది.

"అయితే నువ్వు ఇంటికెళ్ళు. రేపటినుంచి రానక్కర్లేదు. మిగతావాళ్ళు బల్లల దగ్గరికి నడవండి. నడిచినవాళ్ళకే పని."

నాన్న మంచం, ఇంట్లో పొయ్యి కళ్ళముందు కనిపించాయి తులసికి. భయం వేసింది, వేయకపోవడానికి ఆమె రాయి కాదు. లైను చివర ఒకావిడ తల దించుకుని లోపలికి నడిచింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఇక ఇంతే అనుకుంది తులసి.

సరిగ్గా అప్పుడు లోపలినుంచి చిట్టెమ్మ బయటికి వచ్చింది. వాళ్ళనీ వీళ్ళనీ చూడకుండా సంచుల దగ్గరికి వెళ్ళి తన బొండం రెండు చేతులా ఎత్తింది. మేనేజరు ముందు, లోడింగ్ వాళ్ళ ముందు, అందరి ముందూ గటగటా తాగింది. గడ్డం మీదినుంచి, మెడ మీదినుంచి నీళ్ళు కారిపోతున్నా ఆపలేదు. ఖాళీ బొండం కింద పెట్టి, పైటతో మూతి తుడుచుకుని, లైను చివర నిలబడింది.

"నేనూ లైన్లో ఉన్నానండి," అంది. "ఎన్నాళ్ళనుంచో ఉన్నానండి."

లోపలికి వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చారు. బిళ్ళ తీసుకెళ్ళినామె కూడా వచ్చి దాన్ని మేకుకి తగిలించింది. లారీ మళ్ళీ హారన్ కొట్టింది. ప్రకాష్ గారు లైను వంక చూశారు, కరుగుతున్న ఐసు వంక చూశారు. బుచ్చిరాజు గారి కుర్చీ పక్కకి జరిపి బిళ్ళ తాడు మేకు మీదినుంచి తెంపారు. తెంపాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో కుక్కుకున్నారు.

"సరేనా? ఇక పని కానివ్వండి."

"నేను రేపు రావాలాండీ, వద్దాండీ?" అని అడిగింది తులసి.

"రా అమ్మా, రా," అన్నారాయన మింగలేక కక్కలేక.

అక్కడితో తులసి ఆగిందనుకునేరు. చేతులకి రబ్బరు తొడుగుల కోసం, పక్క షెడ్డు ఆడవాళ్ళ కోసం కూడా ఆ పిల్ల తిరుగుతూనే ఉంది. అండీ మాత్రం మానలేదు. కానీ ఎంత పెద్ద గెలుపు వచ్చినా, మర్నాడు పొద్దున తాను చూసినదానికి సాటి రాదంటుంది.

మర్నాడు పని మధ్యలో చిట్టెమ్మ చేతిలోని రొయ్య కింద పెట్టింది. అలవాటు చొప్పున మేకు వంక ఒకసారి చూసింది. మేకు ఖాళీ. చేతులు కడుక్కుని, ఎవరినీ అడగకుండా, తల ఎత్తుకుని బయటికి నడిచి వెళ్ళింది.