కవలల్ని విడదీసే భాష

నాయుడుపేట దగ్గర నేను పనిచేసే ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి యంత్రాలొచ్చాయి. బిగించడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడాలి, ఇటాలియన్ ఎవరు నేర్చుకుంటారని అడిగితే ఊరుకోలేక చెయ్యెత్తాను.

ఆదివారం పొద్దున తిరుపతిలో మా వంటింటి బల్ల మీదే ఆన్‌లైన్ క్లాసు. ఎదురుగా కొత్తిమీర తుంచుతూ మా అత్త. రిటైరయ్యేదాకా బడిలో తెలుగు చెప్పిన మనిషి, గురులఘువులు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఆరోజు టీచరు మాటల్ని ముక్కలుగా విడగొట్టమంది. మొదటిది 'పాస్తా'. నేను ఇంగ్లీషు అలవాటుకొద్దీ 'పాస్-తా' అన్నాను.

"పా-స్తా అను మే," అని అత్త గొణిగింది. ఆమెదే రైటు.

తర్వాత 'పల్లా', అంటే బంతి. ఈసారి అత్తను నమ్ముకుని 'ప-ల్లా' అన్నాను. తప్పట! 'పల్-లా' అనాలట. స-పొల్లు పక్క హల్లుతో కలిసిపోతుంది, జంట హల్లులేమో విడిపోతాయి.

అత్తకు కోపమొచ్చింది. "యాడన్నా ఉండాదా ఈ న్యాయం? కవలపిల్లల్ని విడదీసి, పక్కింటోళ్ళను కలిపేస్తారా?"

మాటల చివర తోకలు తగిలించే పాఠం వచ్చాక మాత్రం ఆమె మెత్తబడింది. చిన్నదైతే 'ఈనా', పెద్దదైతే 'ఓనే', చెడ్డదైతే 'ఆచ్చా'. మరుసటి రోజు నుంచే మా పెనం మీద దోసీనాలు, దోసోనేలు పడ్డాయి. మాడిపోయింది దోసాచ్చా.

ఆ వారంలోనే కార్వేటినగరం నుంచి అత్త తమ్ముడు వచ్చాడు. తిరుమలలో దర్శనం చేసుకుని ఆకలితో కొండ దిగిన మనిషి.

"తమ్ముడికి దోసోనే ఎయ్యి మే. ఆ దోసాచ్చా నాకు పెట్టు," అంది అత్త.

ఆయన ముద్ద పట్టుకునే ఆగిపోయాడు. "ఇది యాడి అరవం అక్కా? అరవోళ్ళ సరిహద్దులో ఉండే నగరిలో గూడా ఇట్ల మాట్లాడరే!"

"అరవం కాదురా, ఇటలీ," అని అత్త తోకలన్నీ వివరించింది. ఆయన బుద్ధిగా విని వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాను.

"అక్కా, మా అల్లుడాచ్చా దిగినాడు. పండగా లేదు, పబ్బమూ లేదు. పొయ్యేట్టు గూడా లేడు."

అత్తలోని టీచరు ఉలిక్కిపడి లేచింది. "ఆచ్చా ఆడోళ్ళకురా! మగోడికి ఆచ్చో అనాల! అల్లుడాచ్చో!"

"మెల్లగా అక్కా, పక్కనే ఉండాడు!"

అవతల ఇంకో గొంతు వినబడింది. "ఆచ్చో అంటే ఏంది మామా?"

అత్త తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఏం లేదప్పా. ఇటలీలో అల్లుళ్ళను మర్యాదగా అట్ల పిలుస్తారంట."