తిన్నాను బటన్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకు. ఫోన్లలో నడిచే యాప్‌లు రాయడం నా ఉద్యోగం. ఏదైనా తేడాగా నడిస్తే కారణం కోడ్‌లో ఎక్కడో ఉండి తీరుతుంది, వెతికే ఓపిక ఉండాలంతే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

అమ్మ పామర్రులో బట్టలు కుట్టేది. మిషన్ ముందు కూర్చుంటే తిండి ధ్యాస ఉండేది కాదు. విజయవాడలో, పటమటలోని నా అద్దె గది నుంచే నా పని. తను వేళకి తింటోందో లేదోనని ఒక చిన్న యాప్ రాసిచ్చాను. అందులో ఒకటే బటన్, ‘తిన్నాను’ అని. నొక్కితే నాకు తెలుస్తుంది.

అమ్మేమో ముందు నాకు ఫోన్ చేసేది. “నువ్వు తినకుండా నేనెట్టా తింటానే?” అనేది. నేను తిన్నానన్నాకే తను కంచం ముందు కూర్చునేది, ఆ తర్వాతే బటన్. పిచ్చిది, నా యాప్‌ని తలకిందులు చేసేసింది.

కిందటేడు అమ్మ పోయింది. తన ఫోన్ నా దగ్గరుంది, సిమ్ లేదు. నేను మధ్యాహ్నం అన్నం మానేశాను. అడిగేవాళ్లు లేరు, ఒక్కదానికి వండబుద్ధి కాదు. టీ, బిస్కెట్లతో గడిపేసేదాన్ని.

ఈ మధ్య ఆఫీసులో అలాంటి యాపే కావాలన్నారు. అమ్మ ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించి, పాత కోడ్ తెరిచాను. బటన్ నొక్కితే నడిచే లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాను. అంటే ఒక ఎర్ర చుక్క. ప్రోగ్రామ్ ఆ లైనుకి రాగానే ఆగిపోతుంది, మనం ‘కంటిన్యూ’ నొక్కేదాకా కదలదు. మొదట్లో నేను బటన్ నొక్కితేనే ఆగేది.

ఒకరోజు మధ్యాహ్నం ఓనరు ఆంటీ అన్నం, గోంగూర పప్పు తెచ్చి, “తినమ్మా, బాగా చిక్కిపోయావు” అని పెట్టి వెళ్లారు. కాదనలేక తిన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ప్రోగ్రామ్ ఎర్ర చుక్క దగ్గర ఆగి ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

పాత ఫోన్ల స్క్రీన్లు ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే నొక్కినట్టు పనిచేస్తాయి. ఆఫీసులో స్నేహితురాలూ అదే అంది, నేనూ నమ్మాను. కానీ మర్నాడు నేను తినలేదు, సాయంత్రం దాకా చూసినా ప్రోగ్రామ్ ఆగలేదు. ఆ తర్వాతి రోజు తిన్నాను, ఆగింది. కేబుల్ మార్చాను, ఫోన్ బోర్లా పెట్టి చూశాను. తిన్న రోజే ఆగుతుంది, అదీ తిన్న కాసేపటికే.

ఆగినప్పుడు వెంటనే కంటిన్యూ నొక్కను. కాసేపు ఊరికే దాన్ని చూస్తూ కూర్చుంటాను, ఏడుపొస్తుంది. ఆఫీసు పని అయిపోయినా ఆ చుక్క తీయలేదు.

దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఇదేమిటో చెప్పడం మాత్రం నా వల్ల కాదు. ఆకలి లేకపోయినా మధ్యాహ్నం నాలుగు ముద్దలు తింటున్నాను. నేను తినేదాకా అమ్మ ఆకలితో కూర్చుంటుందేమోనని.