నిస్సీ క్యాలెండర్‌లో మూడు ఆదివారాలు

శాంతయ్య కూతురు నిస్సీకి దొంగ పెళ్ళి కుదిరిందనీ, ఇంకో చర్చిలో ప్రకటనలు కూడా అయిపోయాయనీ, పెళ్ళికొడుకు రాళ్ళ ఫ్యాక్టరీకి లోడుకొచ్చే లారీ డ్రైవరనీ మా కల్లూరులో ఇంకా చెప్పుకుంటున్నారు. డ్రైవరు కాదు, దుబాయి నుంచి వచ్చినవాడని పక్క వీధిలో చెప్పుకుంటున్నారు. రెండూ అబద్ధమే. పెళ్ళీ లేదు, పెళ్ళికొడుకూ లేడు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో, ఎవరి మీద పడిందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను. నేను చదివింది మిషను బడిలో ఐదో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి, మాట మాత్రం మార్చకండి.

శాంతయ్యది కోసిగి పక్కన పల్లె. ఆ పక్క పేదవాళ్ళకు ఏడాదిలో రెండే కాలాలు, సుగ్గికి పోయే కాలం, సుగ్గి నుంచి వచ్చే కాలం. సుగ్గి అంటే వలస. దీపావళి దాటగానే ఇంటికి తాళం వేసి, గిన్నెలు, గోనెసంచులు, పిల్లలు అన్నిటినీ లారీలో ఎక్కించుకొని గుంటూరు మిరపచేలకు పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. నిస్సీ చిన్నప్పుడు ఏ పుస్తకమూ సగం దాటలేదని వాళ్ళమ్మ రెజీనా చెబుతుంది. నాలుగో తరగతిలో ఉండగా లారీ వచ్చిన రోజు ఆ పిల్ల బడి తలుపు గొళ్ళెం పట్టుకొని వదల్లేదట. శాంతయ్య వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకుపోయాడు. ఆ ఏడే ఆయన మిరపచేలో కూర్చొని, ఇంక సుగ్గి వద్దనుకున్నాడు. కల్లూరులో కొత్త ఇళ్ళు లేస్తుంటే కాపలా పని వెతుక్కొని వచ్చేశాడు. అప్పటి నుంచి మా వీధే.

నిస్సీ ఇక్కడే బడికి పోయింది, కర్నూలులో బీకాం చదివింది, నాలుగేళ్ళ కింద వెంకటేశ్వర్లు ఫ్యాక్టరీలో చేరింది. వెంకటేశ్వర్లుది కోయిలకుంట్ల దగ్గర పెద్ద సేద్యం చేసే ఇల్లు. ఇప్పుడు ఇక్కడ నాపరాళ్ళకు పాలిష్ పట్టించి అమ్ముతాడు. నిస్సీ రాకముందు ఆ ఫ్యాక్టరీ గేటు బయట లారీలు రెండేసి రోజులు నిలిచిపోయేవి. డ్రైవర్లు అక్కడే పొయ్యి పెట్టి వండుకొని తినేవాళ్ళు. ఈ పిల్ల గోడకు ఒక పెద్ద కాగితం అంటించింది. లారీ బయలుదేరాల్సిన గంట ముందు రాసి, అక్కడి నుంచి వెనక్కి వచ్చింది. లోడు ఎప్పుడు ఎక్కాలి, పాలిష్ ఎప్పుడు అయిపోవాలి, రాయి గని నుంచి ఎప్పుడు రావాలి. ఆరు నెలల్లో గేటు బయట పొయ్యిలు ఆరిపోయాయి. "ఈ పిల్ల వచ్చినాక నాకు బీపీ తగ్గిండాది" అని వెంకటేశ్వర్లే నలుగురిలో చెప్పేవాడు.

అదే పద్ధతి ఆ పిల్ల తన బతుక్కీ పెట్టుకుంది. హైదరాబాదులో వ్యాపారం నడపడం నేర్పే పెద్ద కాలేజీ ఉందట, బిజినెస్ స్కూలు. దానికి దరఖాస్తు పంపాలంటే ఒక పరీక్ష మార్కులు కావాలి, తన గురించి తాను రాసుకున్న వ్యాసాలు కావాలి, పని చేయించుకునే పెద్దమనిషి ఒకడు ఈ పిల్ల ఇలాంటిదని కంప్యూటరులో ఫారం నింపి పంపాలి. చివరి తేదీ సెప్టెంబరు ఇరవై, సాయంత్రం ఆరు. నిస్సీ చర్చి క్యాలెండర్ తీసుకొని ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో రెండు సున్నాలు చుట్టింది. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, సెప్టెంబరు మొదట్లో పరీక్ష, ఆగస్టులో వరుసగా మూడు ఆదివారాలు కర్నూలులో నమూనా పరీక్షలు, జూలైలో వ్యాసాలు, ఫిబ్రవరిలో పుస్తకాలు తెరవడం అని రాసుకుంది. సంవత్సరాన్ని పన్నెండు నెలలుగా చూసిన మొదటి మనిషి ఆ ఇంట్లో ఆ పిల్లే.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. అప్పటికి నాకేమీ తెలియదు.

సెప్టెంబరు ఇరవై మధ్యాహ్నం రెజీనా ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నా బిడ్డకు పెళ్ళంట! నాకు తెల్వని పెళ్ళి! వాళ్ళ యజమాని ఫారం నింపకుండా కూర్చోనుండాడు. పెళ్ళి అయిపోనీ, ఆమీద చూద్దాం అంటాండాడంట. ఈ పొద్దే కడా దినం. నా బిడ్డ ఫ్యాక్టరీ నుంచి ఫోను చేసి, 'మా, నాకు పెళ్ళని ఎవురు చెప్పినారు' అని అడుగుతాంది. నేనేం చెప్పాల?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడపిల్ల తలెత్తి నడిస్తే చాలు, దానికో మగవాణ్ణి అంటగట్టందే ఈ ఊరికి ముద్ద దిగదు. కనుక్కుంటాను, కనుక్కొని నాలుక కోస్తాను అని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయలుదేరాను. కుళాయి దగ్గర ఓబులమ్మ బిందె పట్టుకొని ఉంది. మా వీధిలో ఏ మాటైనా ఆ బిందెలో నుంచే పోతుంది.

"ఏమే ఓబులమ్మా, నిస్సీకి పెళ్ళని ఊరంతా చాటినావంట?"

"నేనా? నేనేల చాటుతా?"

"నువ్వు గాకపోతే ఎవురు? నిజం చెప్పు, లేకుంటే ఆ బిందె నీ నెత్తినే బోర్లిస్తా."

ఓబులమ్మ బిందె కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వే కదక్కా అంటివి! ఆగస్టులో, ఈడనే, ఈ కుళాయి కాడనే. 'మూడు ఆదివారాలు వరసగా ఎర్రగా చుట్టిండాది, ఆమీద సెప్టెంబరులో ఒక దినం రెండుతూర్లు చుట్టిండాది, మూడు ఆదివారాలంటే ఏందో మీకు తెల్వదు లే' అంటివి. నేను అడిగితి, ఏందక్కా అని. మీ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పేర్లు చదువుతారని నువ్వే చెప్తివి. మాకేం తెలుసు మీ చర్చి సంగతి?"

కుళాయి కారుతూనే ఉంది. నేను కట్టేయలేదు.

అన్నాను. నిజమే. మా చర్చిలో పెళ్ళికి ముందు వరుసగా మూడు ఆదివారాలు అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని అడుగుతారు. ఆగస్టులో నిస్సీ రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. ఎందుకు రాలేదో చూద్దామని వాళ్ళింటికి పోయాను. ఆ పిల్ల చెవుల్లో ఏదో పెట్టుకొని, ఫోనులో గడియారం తిప్పుకొని రాసుకుంటూ ఉంది. తలెత్తలేదు, వందనాలు చెప్పలేదు. గోడ మీద క్యాలెండర్ కనిపించింది. చూశాను. పేజీ ఎత్తి సెప్టెంబరు కూడా చూశాను. ఎవరింట్లో కూరలో ఉప్పు ఎంత వేశారో కూడా అడిగే మనిషిని నేను, ఆ రోజు మాత్రం, ఇదేమిటే నిస్సీ అని అడగలేదు. నాకు వందనాలు చెప్పలేదని కోపం. ఆ కోపం తీసుకొని నేరుగా కుళాయి దగ్గరికి వచ్చాను. మిగతాది అక్కడి నుంచి తనంతట తానే నడిచింది.

అప్పటికి మూడున్నర. షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు మహానంది అద్దంలో చూసి నవ్వాడు.

"ఏం పెద్దమ్మా, ఫ్యాక్టరీకా? నిస్సీ పెళ్ళికి మమ్మల్నీ పిలుస్తారా?"

"పిలుస్తా. నీ పాడె మీద పూలు పెట్టి పిలుస్తా. ముందు చూసి నడుపు."

"మేమేమంటిమి పెద్దమ్మా, అందరూ అంటాండారనే..."

"ఇంకొక్క మాట మాట్లాడితే దూకుతా!"

మహానంది అద్దం పక్కకు తిప్పేశాడు.

ఫ్యాక్టరీ అంతా తెల్ల బురద. వెంకటేశ్వర్లు గదిలో టీ తాగుతున్నాడు. నిస్సీ తలుపు పక్కన, చేతిలో లారీ చీటీలతో నిలబడి ఉంది.

"ఏమప్పా వెంకటేశ్వర్లూ, ఈ పిల్లకు పెళ్ళని నీకు చెప్పిందెవురు?"

"ఊరంతా చెప్తాండాది కదమ్మా రత్నమణమ్మా. మంచిదే కదా. కూర్చో, టీ తాగు."

"ఊరు కాదు, నేను. నేనే అన్నా. కండ్లతో చూసింది ఒకటి, నోటితో అన్నది ఒకటి. పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఇప్పుడు ఆ ఫారం నింపు. ఆరు గంటలకు మూసేస్తారంట."

"చూద్దాంలేమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి చూస్తాండావు?"

"ఇరవై రెండు దినాలు" అంది నిస్సీ. లారీ ఎన్ని గంటలు ఆలస్యమైందో చెప్పినట్టే చెప్పింది.

వెంకటేశ్వర్లు గ్లాసు బల్ల మీద పెట్టాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. "పెళ్ళి లేదని నాకూ తెలుసు లేమ్మా. పెళ్ళి చేసుకునే పిల్ల కాలేజీకి సిఫారసు అడుగుతాదా? పెళ్ళయితే పదైదు దినాలకు తిరిగొచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటాది. చదువుకు పోతే యాడికొస్తాది? నేర్పినోడిని నేను. నా చేత్తోనే రాసి పంపియ్యల్లనా?"

"నేర్పినావా! గేటు కాడ లారీ వాళ్ళు రాగి సంకటి కెలుక్కుంటాంటే ఈ పిల్ల వచ్చి నీ గేటు ఊడ్చింది. ఎవురు ఎవురికి నేర్పినారప్పా? పంపనని మొదటి దినమే చెప్పింటే ఇంకొకర్ని అడుక్కొని ఉండేది కదా!"

"అరవద్దమ్మా. ఇది ఫ్యాక్టరీ, మీ చర్చి కాదు."

"మా చర్చిలో అయితే అభ్యంతరం ఉంటే లేచి చెప్పమంటారు. నువ్వు ఇరవై రెండు దినాలు కూర్చోనే చెప్తివి!"

పాలిష్ మిషన్లు ఒకటొకటే ఆగాయి. పనివాళ్ళు గుమ్మం దగ్గర మూగారు. వాళ్ళ వైపు తిరిగి, ఆ పెళ్ళి మాట నాదేనని, పచ్చి అబద్ధమని, ఇకమీదట ఎవరన్నా నన్నే అన్నట్టని గట్టిగా చెప్పాను. చెప్పి ఏం లాభం? వెంకటేశ్వర్లు ఫోను జేబులో వేసుకొని, కారు తీసుకొని వెళ్ళిపోయాడు.

నిస్సీ ఓబుళేశుకు ఫోను చేసింది. ఓబుళేశు అక్కడ మేనేజరు, ఈ పిల్ల పని చేసేది ఆయన కింద. ఫారం నింపడానికి ఆయన పేరు మార్చి పెట్టవచ్చట. ఆయన ఆ రోజు బేతంచెర్ల గనుల్లో ఉన్నాడు. పదకొండుసార్లు చేసింది, కలవలేదు. ఐదున్నరకు నాలుగు లారీల చీటీలు రాసి పంపించింది. ఆరు కొట్టింది. పెన్ను మూత పెట్టి, "పదండి పెద్దమ్మా" అంది.

దారంతా నేను వెంకటేశ్వర్లును తిట్టాను, ఓబులమ్మను తిట్టాను, మహానందిని తిట్టాను. నిస్సీ వినలేదు, వద్దనలేదు. తిట్టేకొద్దీ ఎవరికీ తగలకుండా తిరిగి నా మీదికే వస్తున్నట్టుంది. వెంకటేశ్వర్లు చెడ్డవాడే. కానీ చెడ్డవాడికి ఒక సాకు కావలసి వచ్చినప్పుడు దాన్ని కడిగి, తుడిచి, చేతికి అందించింది నేను.

ఇంటికి రాగానే ఆ పిల్ల ముఖం కూడా కడుక్కోలేదు. గోడ మీది క్యాలెండర్ దించి నేల మీద పరుచుకుంది. శాంతయ్య గుమ్మంలో కూర్చున్నాడు. రెజీనా కొంగు నోట్లో కుక్కుకుంది. నిస్సీ సెప్టెంబరు ఇరవైని ఒక్క గీతతో కొట్టేసింది. డిసెంబరు పేజీ తీసి ఏడో తేదీ చుట్టూ రెండు ఎర్ర సున్నాలు చుట్టింది.

"అదేంది నాయనా?" అని శాంతయ్య అడిగాడు. ఆయన కూతుర్ని నాయనా అనే పిలుస్తాడు.

"రెండో విడత దరఖాస్తులకు కడా దినం నాయనా. సీట్లు తక్కువుంటాయి, స్కాలర్‌షిప్పులు ఇంకా తక్కువ. అందుకే పరీక్ష మళ్ళీ రాసి మార్కులు పెంచుకోవాల. ఫారం ఓబుళేశు సారు నింపుతాడు. యజమాని పేరైతే బరువుంటాదనుకొంటి. ఆ తప్పు నాది." మాట్లాడుతూనే వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. నవంబరులో మూడు ఆదివారాలు చుట్టింది. వరుసగా మూడు.

శాంతయ్య ఆ పేజీ మీదికి వంగి చూశాడు. "దీపావళి అయినాక" అన్నాడు. సుగ్గికి లారీ ఎక్కే కాలం. ఆయనకు తెలిసిన లెక్క అది.

నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. అరవై రెండేళ్ళు వచ్చాయి, ఈ వీధిలో నేను అడగని ప్రశ్న లేదు. ఈ ఒక్కటి మాత్రం దారంతా తిట్ల కింద దాచుకుంటూ వచ్చాను.

"నిస్సీ, నా మీద కోపం ఉండాదామ్మా?"

ఆ పిల్ల మూడో ఆదివారం చుట్టూ సున్నా పూర్తి చేసి, పెన్ను పక్కన పెట్టి, తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"ఉండాది పెద్దమ్మా. శానా ఉండాది. ఆ పొద్దు నన్నే అడిగింటే ఒక్క మాటలో చెప్పింటి. నవంబరులో మళ్ళా మూడు ఆదివారాలు నేను ఆరాధనకు రాను. ఎందుకు రాలేదో నువ్వే చెప్పు. ఆ కుళాయి కాడనే నిలబడి, అందరికీ చెప్పు."