గంజితో అతికిన శుభలేఖలు

రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి ఏడాది ముందు, మాఘమాసంలో నన్ను షోలాపూర్ దాజీ పేట్‌లోని చిన్న పోస్టాఫీసుకు కౌంటర్ గుమాస్తాగా వేశారు. బడిలో మూడో తరగతి దాటినవాణ్ణి కాను. నిఘంటువు పక్కన పెట్టుకుని తపాలా నిబంధనల పుస్తకం సొంతంగా చదివి పరీక్ష గట్టెక్కాను. ఆ పేట నిండా తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలే. మా గోడమీద నిబంధనల బోర్డులు మాత్రం ఇంగ్లీషులో ఒకటి, మరాఠీలో ఒకటి. తెలుగులో ఎందుకు లేదని అడిగితే పోస్టుమాస్టరు నవ్వేవారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శుభలేఖలకు బుక్‌పోస్టు అని తక్కువ రేటు ఉండేది. షరతు ఒక్కటే. కవరు మూత అతికించకుండా లోపలికి మడవాలి, గుమాస్తా తెరిచి చూడగలగాలి. అతికిస్తే అది ఉత్తరం కింద జమ. స్టాంపు చాలదు కాబట్టి 'బేరంగ్' ముద్ర పడుతుంది. అందుకున్నవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. పెళ్లికి పిలుస్తూ చుట్టాన్ని డబ్బు అడిగితే ఊరుకుంటాడా?

ఒక మధ్యాహ్నం రెండు గంటలకు నేతగాడు వీరమల్లయ్య, అతని తల్లి రాజవ్వ, వీరమల్లయ్య కూతురి పెళ్లికి అరవై శుభలేఖల కట్ట తెచ్చారు. అన్నీ కరీంనగర్ వైపు సొంతూరికి పోవాల్సినవి. నాలుగు మూలలా పసుపు, చూడముచ్చటగా ఉన్నాయి. మూతలు తిప్పి చూశాను. ఒక్కొక్కటీ చెక్కలా బిగిసి ఉంది. మగ్గం మీది పడుగు పోగులకు పెట్టే గంజితో, ఆ గంజి కొట్టే కుంచెతోనే, ఇంటిల్లిపాదీ పొద్దుటినుంచి అతికించారట.

"తెరిసి పెడితె పసుపు రాలదా సారూ? మంచిగ పట్టింది సూడు. మా ఇంట్ల పని కచ్చా ఉండది," అంది రాజవ్వ గర్వంగా.

సంగతి చెప్పేసరికి వీరమల్లయ్య మొహం పాలిపోయింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకురావాల్సిన మేనమామ ఆ ఊళ్లోనే ఉన్నాడు. పాత అలకతో ఏళ్లుగా వీళ్ల గడప తొక్కలేదు. ఆ ఊరికి టపా వారానికి ఒక్కసారే. ఆనాటి నాలుగు గంటల సంచీ తప్పితే పిలుపు పెళ్లయ్యాకే చేరుతుంది. అదనపు స్టాంపులు వేద్దామంటే మా ఆఫీసులో అన్ని లేవు. పెద్దాఫీసుకు పోయివచ్చే వ్యవధీ లేదు.

మేనమామ కవరు ఒక్కటి విప్పమన్నాను.

"వాహ్ సారూ! ఆయనకు సాఫ్‌గ పోయి, ఆయన అన్నదమ్ములను పైసలడిగితె, నావోళ్లను బేఇజ్జతి చేసిన్రని ఆడ్నే కూసుంటడు. పోతె అరవై పోవాలె," అంది రాజవ్వ.

పోస్టుమాస్టరు బేరంగ్ ముద్ర కొట్టి పంపెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. తేదీ ముద్ర పడేదాకా కవరు పంపినవారిదేనని వాదించి, అన్ని మూతలూ విప్పుకోమని వాళ్లకు వరండా చూపించాను. ఆయన గడియారం వైపు వేలు పెట్టి, "చార్ మ్హణజే చార్," అన్నారు. నాలుగంటే నాలుగే.

ఆవిరి పట్టి విప్పుదామంటే సిరా అలుక్కుపోతుంది. రాజవ్వ ఇంటినుంచి గంజి పట్టిన పడుగు పోగులు తెప్పించింది. మూతను తడిగుడ్డతో అద్ది, ఒక కొసన పోగు దూర్చి బిగలాగి అవతలికి నడిపింది. కాగితం చినగకుండా మూత లేచింది! చుట్టుపక్కల మగ్గాలు ఆపి ఆడా మగా వచ్చి కూర్చున్నారు.

"వీరమల్లన్నా, పెట్టేటోనివి నువ్వే, పీకేటోనివి నువ్వే! అల్లుడొచ్చినంక గిట్లనే చేస్తవా ఏంది?" అన్నాడు పొరుగు నేతగాడు. వరండా అంతా ఘొల్లుమంది. విప్పినవాటిని ఆరబెట్టి అందిస్తుంటే నేను ముద్రలు కొట్టాను. ఇంకా పది మిగిలాయనగా పోస్టుమాస్టరే బయటికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, మూతలు మడవడానికి కూర్చున్నారు. నాలుగుకు రెండు నిమిషాలుండగా సంచీకి లక్క పడింది.

మేనమామ పెళ్లికి రెండు రోజులు ముందే దిగాడు. గంపను ఎత్తినప్పుడు ఆయన ముఖంలో అలక జాడ లేదు. భోజనాల దగ్గర మాత్రం నన్ను పట్టుకున్నాడు.

"టపావాళ్లు గింత లాపర్వా ఏంది సారూ? మా ఇంటికొచ్చిన కవరు మూత తెరిసే ఉండె!"

మర్నాడే అట్టమీద ఆ నిబంధన తెలుగులో రాసి కౌంటర్ దగ్గర వేలాడదీశాను. తనిఖీకి వచ్చిన అధికారి ఎవరి అనుమతితో పెట్టావని తీయించాడు. ఆయన బండి మలుపు తిరగగానే మళ్లీ పెట్టాను. నిబంధనను జనం చదవగలిగే భాషలో, ముద్ర ఎత్తకముందే చెప్పడం గుమాస్తా పని. ఆ ఆఫీసులో నేను నేర్చుకున్నది అదే.