కంప్యూటర్లో ఎండ, మామ స్లాబు మీద వాన

మా యాదగిరి మామ కొత్త ఇంటి స్లాబును నేను ఒక్కణ్ణే, చేతికి సిమెంటు అంటకుండా, కుర్చీలోంచి లేవకుండా ముంచేశాను. ఇంత పెద్ద పని అంత సుఖంగా ఎలా చేశానో వివరంగా చెబుతాను. మీ ఇంట్లో చదువు పూర్తిచేసి కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు ఎవరైనా ఉంటే వాణ్ణి కూడా పిలవండి. వాడు రాడు, అయినా పిలవండి.

ఇది 2009 నాటి మాట. కోదాడలో ఇంజినీరింగ్ అయిపోయి సూర్యాపేటలో మా ఇంటికొచ్చి పడ్డాను. ఉద్యోగం వెతుకుతున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి విమానం నడుపుతున్నాను. అంటే కంప్యూటర్లో. దాన్ని ఎవరైనా ఆట అంటే నాకు పట్టరాని కోపం వచ్చేది. ఫ్లైట్ సిమ్యులేటర్ అనాలి. కిటికీలోంచి వెలుగు పడితే తెర కనబడదని దానికి దుప్పటి కట్టి, ఆ గుడ్డి గదిలో కూర్చుని ప్రపంచమంతా తిరిగేవాణ్ణి.

"ఏం జేస్తున్నవ్ రా శీనూ?" అని అమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగేది.

"ల్యాండింగ్‌ల ఉన్ననమ్మా, మాట్లాడకు."

"జర కరివేపాకు తెచ్చి మల్ల ల్యాండింగ్ చేస్కోరాదు?"

రెండు వందల మంది ప్రయాణికులను గాల్లో వదిలేసి కరివేపాకుకు వెళ్లే పైలట్ ఎక్కడైనా ఉంటాడా? మీరే చెప్పండి.

సరే, ఆ సిమ్యులేటర్‌తో ఒక చిక్కు ఉంది. కొన్నప్పుడు దాంట్లో వచ్చే నేల పెళ్లి పందిట్లో పరిచిన ఆకుపచ్చ పట్టాలాగా ఉంటుంది. ఆకాశం రోజూ ఒకటే. నిజమైన ఊళ్లు, కొండలు కావాలంటే సీనరీ అని వేరే తెచ్చి ఎక్కించుకోవాలి. నిజమైన మబ్బులు, గాలి, వాన కావాలంటే వెదర్ అని ఇంకొకటి ఎక్కించుకోవాలి. ఆ వెదర్ ఇంటర్నెట్‌లో చూసి, మనమున్న విమానాశ్రయంలో ఆ గడియలో ఎండ ఉంటే మనకూ ఎండ, వాన ఉంటే మనకూ వాన తెచ్చిపెడుతుంది. ఇవి రెండూ నా దోస్తు మధు దగ్గర డీవీడీల్లో ఉండేవి. వాడిది కోదాడ. కాలేజీలో నాతో పాటు తప్పినవాడు, నాకంటే ముందు పాసైనవాడు.

"ఒరేయ్, దొరికింది కదా అని అన్నీ ఎక్కించెయ్యకు. సీనరీ ఏ వర్షన్‌కి చేశారో, వెదర్ ఏ వర్షన్‌కి చేశారో రెండూ చూసుకో. వాటికి వాటికి పడకపోతే కొట్టుకు చస్తాయి" అన్నాడు మధు.

"నువ్వు డీవీడీ ఇయ్యి, పడేటట్టు నేను జేస్త" అన్నాను. ఆ గొంతులో ఉన్న ధీమా ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టాలనిపిస్తుంది.

ముందుగా హైదరాబాద్ సీనరీ ఎక్కించాను. అది పాత వర్షన్‌ది. వెదరేమో కొత్త వర్షన్‌ది. తెల్లారేసరికి హైదరాబాద్ సముద్రం ఒడ్డుకు వచ్చింది. రన్‌వే మధ్యలో చెట్లు మొలిచాయి. విమానాశ్రయం భవనం నేలకు తాడిచెట్టంత ఎత్తున గాల్లో నిలబడింది, దాని మెట్లు కూడా దానితోనే పైకి వెళ్లాయి. మబ్బులు నల్లటి అట్టపెట్టెల్లా వరసగా కదిలాయి. వాన కింది నుంచి పైకి కురిసింది. నవ్వకండి, ఇంకా అసలు విషయానికి రాలేదు.

తీసేసి ఇంకొకటి, అది తీసేసి మరొకటి ఎక్కించాను. చివరికి తేలింది ఏమిటంటే, మా వెదర్‌గారికి ఒకే ఒక్క సీనరీతో పొత్తు కుదురుతుంది. ఆ వెదర్ చేసినవాళ్లే చేసిన సీనరీ అది, ఏదో చలిదేశపు కొండలది. పేరు కూడా సరిగా చూడలేదు. గుట్ట ఉంది, పక్కన నీళ్లున్నాయి, నీళ్ల వెంట రోడ్డుంది, రోడ్డు చివర చిన్న విమానాశ్రయం ఉంది. సూర్యాపేటకు ఇంతకంటే ఏం కావాలి? మా ఊరికి విమానాశ్రయం ఎలాగూ లేదు, పెడితే కాదనేవారు లేరు. ఆ చలిదేశపు విమానాశ్రయం పేరు చెరిపేసి "సూర్యాపేట" అని రాసుకున్నాను. వెదర్ తెరిస్తే పైన "సూర్యాపేట, ఇప్పటి వాతావరణం" అని వచ్చింది. నా గుండె ఉప్పొంగిపోయింది. నాలుగు రోజులు గడిచేసరికి ఆ పేరు రాసింది నేనేనన్న సంగతి కూడా మరిచిపోయాను.

అప్పటి నుంచి పొద్దున్నే వాతావరణం ప్రకటించడం మొదలుపెట్టాను. అది వానాకాలం. పక్కింటి లక్ష్మక్క డాబా మీద మిరపకాయలు ఆరబోస్తుంటే, "అక్కా, తీసెయ్యి, పగటాల్లకు వానుంది" అన్నాను. వానొచ్చింది. వానాకాలంలో వాన రావడం వింత కాదని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మర్నాటి నుంచి వాడకట్టులో ఆడవాళ్లందరూ నన్ను అడిగే బట్టలు ఆరేశారు.

తప్పిన రోజులు లేవా అంటే, బోలెడు. వాటికి నా దగ్గర జవాబులుండేవి.

"వానన్నవ్, సుక్క పడలేదేంది శీనూ?"

"పడ్డదక్కా. పైన పడ్డది. కిందిదాంక రాలే."

"ఎండల మాడి సస్తున్నం, పది డిగ్రీలని సెప్తవేందయ్యా?"

"అది విమానం ఎగిరే కాడ డిగ్రీలక్కా. గాడ అంతే ఉంటది."

ఆమె ఆకాశంలోకి చూసి, పాపం పైలట్లు అన్నట్టు నిట్టూర్చి వెళ్లిపోయేది.

ఈ కీర్తి చివ్వెంల దాకా పాకింది. అక్కడికి దగ్గరి పల్లెలో మా అమ్మ తమ్ముడు యాదగిరి మామ ఉంటాడు. గొర్రెలు కాసి బతికిన ఇల్లు. పెంకుటింట్లో పుట్టి, పెంకుటింట్లోనే పెళ్లి చేసుకుని, ముగ్గురు పిల్లలను పెంచాక, మందలో సగం అమ్మి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి. ఇక స్లాబు పోయాలి. మా దిక్కు స్లాబు పోయడమంటే సగం పెళ్లి. కూలీలకు, చుట్టాలకు మాంసం కూరతో దావత్ పెట్టాలి. అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. పొద్దున మొదలుపెట్టిన స్లాబును మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడుతుంది, అతుకు పడ్డచోట జన్మంతా నీళ్లు కారుతుంది. ఆ రోజు వాన పడితే ఇంటి నెత్తి పాడైనట్టే.

అందుకని మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, నీ కంప్యూటర్ వాన ఎప్పుడొచ్చేది సెప్తదంట గదా. గురువారం స్లాబ్ ఏస్తున్నం. ఏయొచ్చా?"

వెదర్ తెరిచాను. సూర్యాపేటలో మబ్బుతునక లేదు. అది ఆ గడియ సంగతి చెబుతుందే తప్ప గురువారం సంగతి చెప్పదు. కానీ అంత చిన్న ఇబ్బంది నన్ను ఆపుతుందా?

"ఏస్కో మామా. గిట్ల ఎండ కొడుతుంటే రెండు రోజులల్ల వానెక్కడికెల్లి వస్తది?"

"టెంట్ హౌసాయన టార్పాలిన్లు గూడ పంపాల్నా అంటుండు."

"ఎందుకు మామా, దండగ. షామియానా ఒక్కటి తెప్పియ్యి, దావత్‌కు నీడకు."

మరి ఆ స్లాబు పోసే మేస్త్రీ సైదులు ఏమన్నాడని మీకు అనుమానం రావచ్చు. ముప్పై ఏళ్లుగా స్లాబులు పోస్తున్నవాడు, ఆకాశం చూసి చెప్పలేడా అని. ఆయన నాకంటే పెద్ద భక్తుడు. "కంప్యూటర్ సెప్పినంక మనమెవరం యాదగిరన్నా" అని చేతులెత్తేశాడు. ఆ ఇంటి మొత్తంలో నమ్మనిది అత్తమ్మ ఒక్కతే. ఆమె బడికి పోలేదు కాబట్టి ఆమె మాట ఎవరూ వినలేదు.

గురువారం పొద్దున వాళ్లు కొబ్బరికాయ కొట్టి మిక్సర్ తిప్పారు. నేను దుప్పటి కట్టిన గదిలో విమానం ఎక్కాను. ఒకవైపు మామ స్లాబు, ఇంకోవైపు నా ఆకాశం. ఎండ మెరుస్తోంది. చెప్పడం మరిచాను, సిమ్యులేటర్‌లో వేళ మాత్రం ఎప్పుడూ మధ్యాహ్నానికే పెట్టుకునేవాణ్ణి. చీకట్లో విమానం దించడం నాకు రాదు.

సగం స్లాబు పడ్డాక ఫోన్ మోగింది.

"అల్లుడా, పడమట దిక్కు మబ్బు పట్టినట్టుంది."

"అది పొగ కావొచ్చు మామా. ఏ బట్టీదో. ఈడ క్లియర్ ఉంది."

కొంతసేపటికి మళ్లీ మోగింది.

"సల్లగాలి లేసింది రా. మీ అత్తమ్మ పొయ్యిల కట్టెలు లోపలేస్తుంది."

"గాలి మంచిదే మామా, స్లాబ్ జల్ది ఆరతది. అత్తమ్మను పరేషాన్ గావొద్దను."

ఇంకాసేపటికి మళ్లీ.

"అల్లుడా, మరి నెత్తి మీద పడేదేందిరా ఇది?"

నేను తెర వంక చూశాను. నీలాకాశం. ధైర్యంగా అన్నాను: "మిక్సర్ నీళ్లు సిట్లుతున్నయేమో సూడు మామా."

అవతల నుంచి డబడబమని రేకుల మీద రాళ్లు పోసినట్టు చప్పుడు వినబడి ఫోన్ తెగిపోయింది. సరిగ్గా అప్పుడే మా అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి, చేతిలో తడిసిన బట్టల మూట.

"అరేయ్, బయట వాన దంచికొడుతుంది. ఇంత సప్పుడైతుంటే ఇనబడతలేదా?"

"ఇంజన్ సప్పుడనుకున్ననమ్మా" అన్నాను. ఒక చెవికి ఫోన్, ఇంకో చెవికి హెడ్‌ఫోన్ ఉన్నాయి మరి.

దుప్పటి లాగేశాను. ఎదురింటి గోడ కనబడటం లేదు, అంత వాన. వెనక్కి తిరిగితే నా సూర్యాపేటలో ఎండకు నీళ్లు తళతళలాడుతున్నాయి. ఆ పేరు రాసింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. మధుకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పేరు మార్చావు సరే, కోడ్ మార్చావా?" అన్నాడు వాడు.

"ఏం కోడ్?"

"ప్రతి ఎయిర్‌పోర్టుకీ నాలుగు అక్షరాల కోడ్ ఉంటుందిరా. వెదర్ దాన్నే చూస్తుంది, నువ్వు రాసుకున్న పేరు దానికెందుకు? అది నార్వే సీనరీ. ఇన్నాళ్లూ నువ్వు మీ వీధి వీధంతటికీ నార్వే వాతావరణం చెప్పావురా బాబూ!" అని నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాడు.

బండి తీసి వానలో చివ్వెంల దారి పట్టాను. నేను వెళ్లేసరికి షామియానా దావత్ మీద లేదు, స్లాబు మీద ఉంది. అత్తమ్మ ఆర్డరట అది. చుట్టాలు, కూలీలు, వంటవాళ్లు అందరూ తలా ఒక అంచు పట్టుకుని స్లాబు చుట్టూ నిలబడ్డారు. కింద మాంసం కూర గంజులో వాన కురుస్తోంది. పోసిన సగం దక్కింది, మిగతా సగం ఇనుప చువ్వలతో ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఒక మూల ఖాళీగా ఉంటే నేనూ వెళ్లి గుడ్డ పట్టుకున్నాను. పక్కనే మామ. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ సగం స్లాబు వైపు, అమ్మేసిన గొర్రెలను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. నాకు గుడ్డ వదిలేసి ఆ స్లాబు అంచు మీంచి కిందికి దూకేయాలనిపించింది.

"మామా, తప్పు నాదే. ఆ కంప్యూటర్ మన వాన సెప్పలేదు. నార్వే ఎండ సెప్పింది."

మామ గుడ్డ అంచు మీద పట్టు మార్చుకున్నాడు. "నార్వేనా? గది ఏ మండలం?"

అవతలి మూల నుంచి సైదులు మేస్త్రీ కేకేశాడు: "తుంగతుర్తి అవతల ఉంటది యాదగిరన్నా. ఆ దిక్కు వానలే పడవు."

ముందు అత్తమ్మ నవ్వింది. తర్వాత మామ. అప్పుడు అందరూ నవ్వారు, షామియానా అంచులు ఊగేలా. నేను మాత్రం ఏడ్చాను. వానలో ఎవరికీ కనబడలేదు, అదొక్కటే ఆ వాన నాకు చేసిన ఉపకారం. ఆ రోజు కూర చారులా అయింది, అయినా గంజు ఖాళీ అయింది.

మిగతా సగం స్లాబు తర్వాత పోశారు. అతుకు పడనే పడింది. ఎన్ని మందులు పూసినా పెద్దగదిలో ఆ గీత వెంట చుక్కలు కారుతూనే ఉన్నాయి. ఆ గదికి వాళ్లింట్లో పెద్దగది అన్న పేరు ఏనాడో పోయింది. ఆ మధ్య వానాకాలంలో నేను భోజనానికి కూర్చున్నాను. బయట ఉరిమింది. అత్తమ్మ వంటింట్లోంచి మామతో అంటోంది:

"వానొస్తున్నట్టుంది. నార్వేల గంగాళం పెట్టినవా?"

మామ లేచి వెళ్లి పెట్టి వచ్చాడు, నా వైపు కూడా చూడకుండా. నా విస్తట్లో అన్నం అట్లాగే ఉంది. ఆ ఇంటి గడప మీద చేయి వేసి అప్పుడే ప్రమాణం చేశాను: ఇకపై ఎవరు ఎంత బతిమాలినా సరే, ముందు బయటికి వెళ్లి, తల పైకెత్తి, ముఖం తడిసిందో లేదో తడుముకోకుండా వాన గురించి నోరు విప్పను. విప్పితే, నార్వేలో గంగాళం నిండినప్పుడల్లా పారబోసే పని నాదే.