కొత్త మేడకు దిష్టిబొమ్మ

కళింగపట్నం ఒడ్డున రంగులరాట్నాల పక్కనున్న హోటలుకి ఈ రోజు పై అంతస్తు శ్లాబు వేశారు. మేస్త్రీ మా పక్కింటి పైడమ్మ కొడుకు. పోయినేడు జ్వరంతో పోయిన మా అబ్బాయి రాముడూ అతనితోనే తాపీపని నేర్చుకున్నాడు. ఆ మేడ చూస్తే నాకు కడుపు మండిపోయింది.

సాయంత్రం నన్ను అక్కగా చూసే పైడమ్మ వచ్చింది.

"అప్పా, మేడకి దిష్టిబొమ్మ కట్టాల. పాత సొక్కా ఏటైనా ఉన్నాదేటి?"

"మా రాముడిది ఉన్నాది."

ఆమె నాలుక కరుచుకుంది. "ఓలమ్మ, అదొద్దులే."

"పట్టుకెల్లవే! ఆ మేడకి ముందు తగిలీది నా దిష్టే. మావోడే కాపలా కాస్తాడు."

చొక్కాలో గడ్డి కూరి, గెడకు కట్టి నిలబెట్టారు. సముద్రపు గాలికి అది నిండుగా ఉబ్బింది. ఇప్పుడు ఆ మేడ మీద ఆమె కొడుకు కంటే మావాడే ఎత్తున ఉన్నాడు. అలా అనుకుంటే మనసు కాస్త కుదుటపడింది. తప్పంటారా?